పొద్దుటి నీళ్లు

మాల్సున్ ఎంగిలి గిన్నెల్లోని పంది ఎముకలను బకెట్లోకి దులుపుతోంది. అరవై మూడేళ్ల మనిషి. బూసాన్ రైలు స్టేషన్ వెనక సూపు హోటల్లో పందొమ్మిదేళ్లుగా ఇదే పని. వేడినీళ్లలో నాని నాని వేలిముద్రలు కూడా అరిగిపోయాయి.

రెండు నెలల క్రితం గిన్నెలు కడిగే యంత్రం వచ్చింది. సొంతానికి కొన్నది కాదు, అద్దెకిచ్చే కంపెనీదే. ఎన్నిసార్లు తిప్పితే అన్నిసార్లు డబ్బు కట్టాలి. తిప్పిన ప్రతిసారీ యజమాని థేసొక్ ఫోన్‌కు కబురు వెళుతుంది. లోపలి నీళ్లు మార్చినా అదీ ఒకసారి తిప్పినట్టే లెక్క. అందుకని పొద్దున పోసిన నీళ్లే సాయంత్రం దాకా తిరుగుతాయి. చేత్తో కడిగే వేడినీళ్ల తొట్టి పీకించేశాడు. చన్నీళ్లకు జిడ్డు వదలదు.

మధ్యాహ్నం థేసొక్ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"నిన్న ఒక్క గిన్నెకోసం తిప్పావా పిన్నీ?"

"ఎవరి పసివాడో అందులో కక్కాడు బాబూ. నీళ్లు కూడా మార్చాను."

"మిగతావాటితో కలిపి వేస్తే పోయేదిగా! కాగే నీళ్లలో ఏ పురుగు బతుకుతుంది?"

"హోటల్ నడిపిన రోజుల్లో మీ అమ్మయితే ఆ గిన్నె పారేసేది."

"అందుకే అమ్మ ఏమీ మిగల్చలేదు," అని నవ్వాడు.

అంతలోనే బయట తినే బల్లల దగ్గర నుంచి ఒక గిన్నె వచ్చింది. ఎవరో ఖాండ్రించి ఉమ్మారు. పచ్చటి కళ్లెలో సిగరెట్ పీక. మాల్సున్ దాన్ని పక్కన పెట్టబోయింది.

"అందులోనే వెయ్యి," అన్నాడు థేసొక్.

వేసింది. మీట నొక్కింది. మూడు నిమిషాలకు గిన్నెలన్నీ తళతళలాడుతూ బయటికొచ్చాయి. ఏది ఆ గిన్నో ఆమెకే తెలియలేదు. కాసేపటికి కిటికీ పక్క బల్ల దగ్గర ఒక ముసలమ్మ గిన్నెలోంచి సూపు తీసి, ఊది ఊది మనవరాలికి పట్టింది. మాల్సున్ మీట నొక్కిన వేలును నడుముకు కట్టుకున్న ఏప్రాన్‌కేసి రుద్దుకుంటూ ఉండిపోయింది.

మూడింటికి పనివాళ్ల భోజనం. థేసొక్ తనే ఆమెకు సూపు పోసి పెట్టాడు.

"తిను పిన్నీ. కోపమెందుకు?"

ఆమె ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించి, సంచీ అందుకుంది.

"ఎక్కడికి?"

"ఇంటికి. ఇక రాను."

"ఒక్క ఉమ్మికే ఇంతా?"

"అయితే నువ్వు తిను అందులో."

థేసొక్ గిన్నె వైపు చూశాడు. చెయ్యి చాపలేదు. ఆమె వంటింటి వెనక తలుపు తీసుకుని, చెత్తడబ్బాల మధ్య నుంచి బస్సుల రోడ్డు వైపు నడిచింది.

బల్ల మీద ఆమె ముట్టని సూపు చల్లారింది. కొవ్వు తెల్లటి పొరగా గడ్డకట్టి, చెంచా అందులో ఇరుక్కుపోయింది.