అస్తరు లోపల అయిదు మెడల్స్

పదకొండో ప్యాంటు అంచు ముగించి యెషయా దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికాడు. ముందుపన్ను మీద దారం పట్టేంత చిన్న గాడి పడి ఉంటుంది అతనికి. కత్తెర పక్కనే ఉన్నా చెయ్యి అటు పోదు. షాపు యజమాని నోరీన్‌కి ఆ అలవాటు బొత్తిగా గిట్టదు. ఆమె షాపు, ఆమె మాట. అందుకని ఆమె అటు తిరిగేదాకా ఆగి కొరుకుతాడు.

విమానాశ్రయం పక్కనున్న స్వోర్డ్స్ అనే ఐరిష్ ఊళ్ళో, మెయిన్ స్ట్రీట్‌లో డ్రై క్లీనింగ్ షాపు అది. వెనక గదిలో కుట్టుపని. ముగ్గురు నిలబడితే నాలుగోవాడు బయటికి పోవాలి. కిటికీ లేదు. దొడ్లోకి ఒక తలుపుంది గాని, దానికి అడ్డంగా ఉతికిన బట్టల స్టాండు పెట్టి పదేళ్ళయింది. ఇస్త్రీ ఆవిరికి గోడలు చెమటలు కక్కుతుంటాయి. నెత్తిమీంచి విమానం దిగినప్పుడల్లా గుండీల డబ్బా గలగలమంటుంది. మొదట్లో ప్రతి విమానానికీ తలెత్తేవాడు, ఇప్పుడు మిషను కూడా ఆపడు.

పద్నాలుగేళ్ళ కిందట భార్య రత్నకుమారికి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే వెంట వచ్చాడు. మూడేళ్ళు చేసి పోదామనుకున్నారు. మూడేళ్ళకు కూతురు హాసిని బడికి అలవాటు పడింది. ఏడేళ్ళకు ఇల్లు కొన్నారు. పదేళ్ళకు హాసిని "నాన్నా" మానేసి ఇక్కడి పిల్లల్లా "డాడ్, యు'ర్ గ్రాండ్" అనడం మొదలుపెట్టింది. సికింద్రాబాద్ లాల్ బజార్‌లో నాయిన కుట్టుషాపు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. పోదామన్నా ఎక్కడికి పోవాలి? ఎవరూ అతన్ని ఇక్కడ కట్టెయ్యలేదు, పోవద్దనీ అనలేదు. పొద్దున్నే బస్సెక్కుతాడు, సాయంత్రం దిగుతాడు.

నాయిన కంటోన్మెంట్ దర్జీ. మిలిటరీ ఆఫీసర్లు విందులకు వేసుకునే కోట్లు కుట్టేవాడు. ఆ కోట్ల మీద పెట్టే చిన్న మెడల్స్ రిబ్బన్లతో సహా వరసగా కుట్టే పని యెషయాకు తొమ్మిదో ఏటే ఒప్పజెప్పాడు. వరస తప్పితే చెక్క స్కేలుతో వేళ్ళ మీద ఒక్కటి పడేది. అంత కష్టపడి నేర్చిన విద్యతో ఇక్కడ ఎవరికీ పని పడలేదు. జిప్పులు, అంచులు, చిరిగిన జేబులు. అంచు బాగా కుట్టాడంటే, కుట్టినట్టు ఎవరికీ కనపడలేదని. పద్నాలుగేళ్ళుగా సగం స్వోర్డ్స్ అతని కుట్టు తొడుక్కుని తిరుగుతోంది, ఒక్కరూ దాన్ని చూసినవాళ్ళు లేరు.

అందుకే కిందటివారం లాలర్ అనే ముసలాయన వచ్చి, పసిపిల్లల ఉన్ని సాక్సు ఒకటి కౌంటరు మీద బోర్లించి, "వీటిని కుట్టేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడగ్గానే యెషయా పిలవకుండానే వెనక గదిలోంచి బయటికొచ్చాడు. ఆయనకు ఎనభై ఆరేళ్ళు, మనిషి పొడుగు, నడుము వంగింది. సాక్సులోంచి పడినవి అయిదు మెడల్స్, ఒక్కోటి బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది. ఆయన తాత మేజర్ లాలర్‌వి, బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన దేశంలో ఇరవైమూడేళ్ళు పట్టాలంతో తిరిగినవాడు.

"లంచ్ టైములో చేసుకో, నా టైములో కాదు" అంది నోరీన్.

ఇవాళ లంచ్ అరగంటా యెషయా అన్నం డబ్బా మూత తియ్యలేదు. మెడల్స్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అసలు మెడల్స్ సర్కారు ఇస్తుంది, అంచు మీద పేరు చెక్కి మరీ. ఈ చిన్నవాటిని ఆఫీసర్లు విందుల కోసం తామే కొనుక్కునేవాళ్ళు, వీటి మీద పేరుండదు. సరిహద్దు కొండల్లో జరిగిన యుద్ధానిది ఒకటి, పద్ధెనిమిది వందల తొంభై ఏడు నాటిది. ఢిల్లీ దర్బారుది ఇంకొకటి. ఈ రెండూ కలిపి కుట్టి ఉన్నాయి, రిబ్బను మడతలో చెమట మరక ఉంది. మైనం రాసిన దారం మూడు చుట్లు, కొస రిబ్బను కిందికి దాచడం చూస్తే మనవైపు చెయ్యే అనిపించింది. మేజర్ చాలా ఏళ్ళు సికింద్రాబాద్ తిరుమలగిరి బారకాసుల్లోనే ఉన్నాడని లాలర్ కూడా చెప్పాడు. ఎవరో లాల్ బజారు దర్జీ అయ్యుంటాడు. అతని పేరు మాత్రం ఏ అంచు మీదుంది?

మిగతా మూడూ మొదటి ప్రపంచ యుద్ధానివి. వాటి రిబ్బన్లలో సూది దిగిన జాడే లేదు. వాటిని పెట్టుకునే రోజే ఆ మేజర్‌కి రాలేదు. పంతొమ్మిదివందల ఇరవైలో పదవి వదిలి ఇల్లు చేరేసరికి, పద్ధెనిమిదేళ్ళ కొడుకు ఐరిష్ స్వాతంత్ర్యం కోసం తుపాకి పట్టుకుని అదే బ్రిటిష్ పట్టాలం మీద కొండల్లో పోరాడుతున్నాడు. తర్వాత ఇద్దరూ ఒకే కప్పు కింద ఇరవై ఎనిమిదేళ్ళు ఉన్నారు. కోడలు మెడల్స్‌ని సాక్సులో పోసి వంటింటి అల్మరాలో పెద్ద ప్లేట్ల వెనక దాచింది. ఆ కోడలి కొడుకే ఈ లాలర్.

ఏళ్ళ ప్రకారం చూస్తే దర్బారుది రెండోది కావాలి. ఎవరైనా అలాగే కుట్టేస్తారు. కాని పట్టాలం నియమం ప్రకారం యుద్ధం మెడల్స్ అన్నీ అయ్యాకే దర్బారుది రావాలి. కాబట్టి ఆ పాత కుట్టు విప్పక తప్పదు. యెషయా సూదిమొన దారం కిందికి పోనిచ్చి కాసేపు అలాగే ఆగాడు.

"ఏమనుకోకు తాతా, ఇప్పుతున్న" అన్నాడు, ఎప్పుడో పోయిన ఆ దర్జీతో.

శనివారం లాలర్ మనవరాలి పెళ్ళి. నల్లకోట్ల విందు. ఎవరి మెడల్స్ వాళ్ళు ఎడమవైపు పెట్టుకుంటారు, తాతవైతే మనవడు కుడివైపు పెట్టుకోవచ్చు. పొద్దున బస్టాపులో యెషయా ఆ మాటే రత్నకుమారితో అన్నాడు.

"శనివారం రెండొందల మంది జూస్తరు రత్నా, నా కుట్టు."

"జూస్తె ఏమైతదయ్యా?"

"ఏం గాదు. జూస్తరు."

ఆమె అతని మొహంలోకి చూసి, మఫ్లర్ సర్ది, "ఒక ఫొటో అడుగు మరి" అంది. బస్సొచ్చింది.

నాలుగింటికి లాలర్ తన నల్లకోటు చేతిమీద వేసుకుని వచ్చాడు. యెషయా మెడల్స్ వరసను తెల్లగుడ్డ మీద పెట్టి చూపించాడు. అయిదూ ఒకే ఎత్తులో, రిబ్బన్ల మధ్య వెంట్రుక దూరనంత దగ్గరగా, వెనక మెరిసే పిన్నుతో తయారుగా ఉన్నాయి. లాలర్ చాలాసేపు చూశాడు. ముట్టుకోలేదు.

"కోటు లోపల కుట్టగలవా?" అన్నాడు చివరికి.

యెషయాకు అర్థం కాలేదు.

"పెళ్ళికొడుకు వాళ్ళది వెస్ట్ కార్క్. స్వాతంత్ర్య పోరాటంలో వాళ్ళ ముత్తాతని బ్రిటిష్ పట్టాలమే కాల్చి చంపింది, ఊళ్ళో అమరుల రాయి మీద పేరుంది. ఒక్కరోజుకి ఊరుకో నాన్నా అంది మా అమ్మాయి ఓర్లా. తన మాటా నిజమే." ఆయన కోటు మడత సవరించాడు. "మా అమ్మ ప్లేట్ల వెనక దాచింది. నాకిప్పుడు ప్లేట్లు కూడా లేవు. కూతురింట్లో ఉంటున్నాను."

యెషయాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. కుట్టనని చెబుదామనుకున్నాడు. రెండొందల మంది, ఫొటో, రత్నకుమారికి ఏం చెప్పాలి అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఎదురుగా ముసలాయన, చోటు అడిగిన మనిషిలా కోటు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"లెఫ్టా, రైటా?" అన్నాడు యెషయా.

"లోపల ఎవరడుగుతారు? ఎడమవైపే పెట్టు."

లోపలి అస్తరు కుట్టు నాలుగంగుళాలు విప్పాడు. పిన్ను ఉంటే గుండెకి గుచ్చుకుంటుందని దాన్ని కత్తిరించి తీసేశాడు. ఒళ్ళు ఒరుసుకోకుండా మెత్తటి ఫ్లానెల్ ముక్క వేసి, అయిదింటినీ దానికి బిగించి, అస్తరు మళ్ళీ మూసేశాడు. ఎంత బాగా కుడితే అంత కనపడకుండా పోతుంది. అంత బాగా అతను ఏనాడూ కుట్టలేదు.

లాలర్ కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. అరచెయ్యి ఎడమవైపు ఆనించి, "బరువే లేదు" అన్నాడు. యెషయా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపి వెళ్ళిపోయాడు. ఫొటో సంగతి యెషయా అడగలేదు. ముందుగదిలోంచి నోరీన్ జిప్పు పోయిన జాకెట్టు ఒకటి విసిరింది.

ఆ రోజుకి పంతొమ్మిదో రోజున ఒకామె అదే కోటు తెచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తానే ఓర్లానని చెప్పింది.

"ఇస్త్రీ చేస్తే చాలు. నాన్నని రేపు శవపెట్టెలో ఇది తొడిగే పడుకోబెడతాం. ఇదే వెయ్యమన్నారు, ఎందుకో మరి. మనవరాలి పెళ్ళయినప్పట్నుంచి బీరువాలో పెట్టనివ్వలేదు, మంచం పక్క కుర్చీ మీదే ఉంచుకున్నారు."

అసలు సంగతి యెషయా నాలుక చివరిదాకా వచ్చింది. రేపటి తర్వాత ఆ కుట్టు మట్టిలోకి పోతుంది. చూసినవాళ్ళు లోకంలో ఇద్దరే, అందులో ఒకరు పోయారు. ఆమె అతని మొహంలో ఏదో పసిగట్టి, "ఏమైనా అన్నారా?" అని అడిగింది.

"గుండీ ఒకటి వదులైంది" అన్నాడు. "బిగిస్తాను."

తడిగుడ్డ పరిచి చుట్టూతా నెమ్మదిగా ఇస్త్రీ చేశాడు. ఎడమవైపు రాగానే పెట్టె ఎత్తి, అరచేత్తో అదిమాడు. గుడ్డ కింద అయిదు చిన్న ఎత్తులు చేతికి తగిలాయి. గుండీ బిగించి దారం కొరికాడు. ఓర్లా కోటును చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుపోయింది.

ఆవిరి మళ్ళీ గోడలకు పట్టింది. ప్యాంట్లు ఇంకా తొమ్మిదున్నాయి. మిషను పక్కన సుద్దముక్కల మధ్య, ఆ రోజు కత్తిరించి తీసిన పిన్ను ఇంకా నోరు తెరుచుకుని పడి ఉంది.