కారే సంచులు

సర్కారు దవాఖాన స్టోరు కిటికీ ముందు ఉప్పలయ్య చక్రాల కుర్చీ కింద తడి పారుతోంది. జనం చూసి ముక్కు మూసుకున్నారు. వాడు తల దించుకున్నాడు.

వాడూ నాలాగే గీత కార్మికుడు. తాటిచెట్టు మీది నుంచి పడితే నడుం విరిగింది. మూత్రం పైపు గుండా సంచిలోకి పోవాలి. కొత్త కాంట్రాక్టరు వచ్చినప్పటి నుంచి ఆ సంచులు అతుకు దగ్గర కారుతున్నాయి. తడిలోనే పడుకుని పడుకుని వాడి నడుం కింద పుండు పడి ఎముక దాకా పోయింది. పొడిగా ఉంచకపోతే మనిషి దక్కడని డాక్టరమ్మ చెప్పింది.

“సంచి మంచిదే. మీకే పెట్టడం రాదు,” అన్నాడు స్టోరు ఆఫీసరు.

వాడి భార్య పోశమ్మ కుర్చీ కింది తడిని కొంగుతో తుడవసాగింది. తప్పు తన చేతిదేననుకుని ఇన్నాళ్లూ పాలిథిన్ కవర్లు చుడుతోంది. పక్కనున్న దుర్గవ్వ గొంతు తగ్గించి అడిగింది:

“నీది గూడ కారుతదా పోశక్కా? మా ఇంటాయనది గూడ గంతే. నాకే పెట్టరాదనుకున్న. సిగ్గయి ఎవ్వలకు చెప్పలే.”

బెజ్జంకి నుంచి వచ్చినామెదీ అదే మాట. తక్కువ రేటుకు టెండరు పట్టినోడు బాగున్నాడు, చూడకుండా సంతకం పెట్టినోడు బాగున్నాడు. సిగ్గు మాత్రం మా ఆడోళ్ల నెత్తిన వేశారు.

ఆ సాయంత్రం కల్లు మండువ దగ్గర లొల్లి.

“తలా ఇంత ఏస్కొని బయట కొనిద్దాం,” అన్నాడు మాతోపాటు చెట్లెక్కే శైలేందర్.

“రేపు నువ్వు పడితే? గప్పుడు గూడ సందానేనా?” అన్నాను.

“ఏం నోరురా నీది! సర్కారుతోని కొట్లాట మనతోని అయితదా?”

ముసలి రాజమల్లయ్య లేచి, చెట్టెక్కే మోకుతాడు భుజాన వేసుకున్నాడు.

“రేపు ఎవ్వడు చెట్టెక్కద్దు. ఉప్పలయ్య పడ్డడు.”

ఒకడు పడితే ఆ రోజు ఊళ్లో ఎవరూ చెట్టెక్కకపోవడం మా కట్టుబాటు.

“గాడు పడి ఏండ్లాయె తాతా! నిషెక్కిందా?” శైలేందర్ నవ్వాడు.

“గప్పుడు చెట్టు మీదికెల్లి పడ్డడు. గిప్పుడు దవాఖాన్ల పడ్డడు.”

శైలేందర్ తన మోకు తీసి భుజాన వేసుకున్నాడు.

తెల్లారి అందరం మోకులతో పోయాం. కబురు అంది దుర్గవ్వ, బెజ్జంకి ఆమె, ఇంకొందరు తమవాళ్లను చక్రాల కుర్చీల్లో తెచ్చారు. సంచుల్లో నీళ్లు నింపి స్టోరు గేటుకు వేలాడదీశాం. మంది చూస్తుండగా అన్నీ కారాయి. చక్రాల కుర్చీలను మోకులతో గేటుకు కట్టేశాం.

ఆఫీసరు పోశమ్మను పక్కకు పిలిచి ఒక పెట్టె ఇచ్చాడు. పాత కంపెనీ సంచులు, గట్టివి.

“మీ ఆయనకు చాలు. వీళ్లను పొమ్మను.”

పోశమ్మ పెట్టె అందుకుంది. ఆ పెట్టెలో ఆమె మొగుడి ప్రాణం ఉంది. ఉప్పలయ్య వైపు చూసింది. వాడి కళ్లు పక్క కుర్చీల మీదికి పోయాయి. పెట్టె చించింది. ముందు దుర్గవ్వకు, తర్వాత బెజ్జంకి ఆమెకు, కుర్చీ కుర్చీకీ ఒకటి పంచింది. ఆఖరుది మొగుడి ఒడిలో పెట్టి, ఖాళీ అట్టపెట్టె ఆఫీసరు కాళ్ల ముందు వేసింది.

“గివి వారానికైనయి సారు. దాని తర్వాతియి గూడ తే.”

పోలీసులు వచ్చారు. మోకులు విప్పమన్నారు. “కట్టుడే నేర్సినం బిడ్డా,” అన్నాడు రాజమల్లయ్య. ఆయననూ నన్నూ ఈడ్చి వ్యానులో వేశారు.

వ్యాను మలుపు తిరుగుతుంటే ఎదురుగా చేర్యాల బస్సు ఆగింది. భుజాన మోకులతో మనుషులు దిగుతున్నారు.

అక్కడా ఎవరూ చెట్టెక్కలేదు.