నిద్రకు కాపలా

“మీ అమ్మ ఖాళీయేగా, చూసుకుంటుందిలే” అన్నారు మా ఆయన, మా అమ్మాయితో. నేనప్పుడు పార్కుకి పట్టుకెళ్ళే సంచిలో పులిహోర డబ్బా, నీళ్ళ సీసా, మనవరాలి గౌను, ఆయన మోకాళ్ళ నొప్పుల మందు, కింద పరుచుకునే దుప్పటి కుక్కుతున్నాను. ఖాళీగా ఉన్న మనిషికి రెండు చేతులూ చాలడం లేదు. అమ్మాయికి కొత్త ఉద్యోగం వచ్చింది. పిల్లకి బడి వయసు వచ్చేదాకా మా దగ్గర వదిలి వెళ్ళాలని తండ్రీ కూతుళ్ళు ఖాయం చేసుకున్నారు. నాతో చెప్పారు, అంతే. అడగలేదు.

పార్కు మా వీధి చివరే. పాత కాగితం మిల్లు పడగొట్టి ఆ స్థలంలో కొత్తగా కట్టారు. మిల్లు గోడలు తీసేశాక గానీ తెలియలేదు, నది మాకింత దగ్గరగా ఉందని. ఇన్నేళ్ళూ నాకు కనిపించింది ఆ గోడ, వినిపించింది ఆ మిల్లు కూత. ఇప్పుడు అంతా గడ్డి, బెంచీలు. పాత బాయిలరుకి నీలం రంగు కొట్టి, పిల్లలు ఎక్కడానికి నిచ్చెన వేశారు. “సరిగ్గా ఇక్కడే ఉండేది నా మిషను” అని ఆయన పూల మడి ఒకటి చూపించారు. “ఈ మిల్లుకి నా ప్రాణం ధారపోశానమ్మా.” అమ్మాయి తల ఊపింది. నేను దుప్పటి ఎక్కడ పరవాలా అని చూస్తున్నాను.

మిల్లు నడిచే రోజుల్లో మా మామగారిది ఉదయం షిఫ్టు, మరిదిది మధ్యాహ్నం, మా ఆయనది రాత్రి. మిల్లులో మూడు షిఫ్టులకి ముగ్గురు మనుషులు. ఇంట్లో మూడింటికీ నేనొక్కదాన్నే. ఒకరు తిని వెళుతుంటే ఇంకొకరు ఆకలితో వచ్చేవారు. పొయ్యి ఆరేది కాదు. సరే, వంటదేముంది, అందరూ చేసేదే. చప్పుడు కాకుండా చేయడమే నా ప్రాణం తీసింది. ఉన్నవి రెండు గదులు. ఏ వేళ చూసినా అందులో ఒక మగమనిషి నిద్రలో ఉండేవాడు. “వాళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని వస్తే ఆ గిన్నెల మోతేంటమ్మా?” అనేది అత్తగారు. అదీ గుసగుసగానే. పాపం, ఆవిడా ఆ ఇంటి కోడలే కదా. గిన్నెల కింద గుడ్డ పరిచి తోమడం నేర్చుకున్నాను. తలుపు బందులకి నూనె పోసేదాన్ని. దగ్గొస్తే పెరట్లోకి పరిగెత్తేదాన్ని. నా నిద్రకి మాత్రం ఏ షిఫ్టూ లేదు.

అమ్మాయి పుట్టాక దాని ఏడుపుకీ నేనే కాపలా. “ష్, నాన్న పడుకున్నారు” అన్న మాట దానికి జోలపాట కన్నా ముందు తెలుసు. అరవకుండా ఆడుకునేది. ఎంత బుద్ధిమంతురాలో అని ఇరుగుపొరుగు అంటే నేను పొంగిపోయేదాన్ని. నోట్లో నాలుక లేని పిల్లని అత్తవారు మురిసిపోయి చేసుకున్నారు. పాత ఉద్యోగంలో పై అధికారికి మాత్రం అదే నచ్చలేదు. “నోరు తెరవని మనిషికి పెద్ద పని ఎలా ఇస్తాం?” అన్నాడట. ఆ సంగతి నాకు చెబుతూ అమ్మాయి ఏడ్చింది. ఆ ఏడుపుకీ చప్పుడు లేదు.

పార్కులో ఆయన ఇంత తిని బెంచీ మీద నడుం వాల్చారు. క్షణంలో గురక. నేను పిల్లకి మూతి తుడుస్తుంటే అది నా చేయి విడిపించుకుని నది వైపు పరుగు తీసింది. రెయిలింగు పట్టుకుని “నీళ్ళూ!” అని అరిచింది. ఎంత గొంతు! అటు ఒడ్డున నడుస్తున్నవాళ్ళు తిరిగి చూసి నవ్వారు. దానికి ఇంకా హుషారొచ్చి మళ్ళీ అరవబోయింది.

ఎప్పుడు లేచానో, ఎప్పుడు దాని దగ్గరికి వెళ్ళానో నాకే తెలియదు. నా చేయి దాని నోటి మీద ఉంది. “ష్, తాతయ్య పడుకున్నారు.”

నా అరచేతి కింద దాని పెదాలు కాసేపు కదిలి ఆగిపోయాయి. చేయి తీశాను. అది నా వైపు బెదురుగా చూసి, నదిని వేలితో చూపించి, “నీళ్ళు” అని గుసగుసగా అంది. ఒక్కసారికే నేర్చేసుకుంది.

మిల్లు లేదు, షిఫ్టు లేదు, నెత్తిన కప్పు కూడా లేదు. ఆరుబయట, నది ఒడ్డున, ఎవరూ చెప్పకుండా నేనే పసిదాని నోరు నొక్కాను.

వెనకే వచ్చిన అమ్మాయి మెచ్చుకోలుగా నవ్వింది. “చూశావా, నీ మాట ఎంత బాగా వింటుందో. నీ దగ్గరుంటే నాకింక దిగులుండదమ్మా.”

“నేను చూసుకోనే” అన్నాను.

“అదేంటి? నాన్న సరేనన్నారుగా!” అంది బెంచీ వైపు ఒక చూపు వేసి, గొంతు తగ్గించి.

“సరేనన్న ఆయన్నే పెంచమను. నేను అలిసిపోయాను. నువ్వు మాత్రం ఉద్యోగం మానకు. పిల్లల్ని చూసే మంచి చోటు వెతుకుదాం, నీతో పాటు నేనూ తిరుగుతాను. కానీ దీన్ని నా చేతిలో పెట్టకు. నాకు పిల్లల్ని పెంచడం రాదే. నోరు మూయించడం ఒక్కటే వచ్చు.”

నా గొంతు పార్కంతా వినిపించినట్టుంది. బెంచీ మీద ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు. “ఎవరే ఆ అరిచింది?” అన్నారు, మనవరాలి వైపు విసుగ్గా చూస్తూ.

“నేనే” అన్నాను.