ఎర్ర ముఖానికి ప్రభు బల్ల లేదు

నెలకో ఆదివారం మా చర్చిలో ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె ముక్కలు, ద్రాక్షరసం కప్పులు పళ్లెంలో పెట్టుకుని సంఘ పెద్ద వరుస వరుసకూ తిరుగుతాడు. తాగుడు అలవాటున్న మనిషి ముందు ఆ పళ్లెం ఆగదు. అది మా సంఘం కట్టడి. పద్మాపూర్ గనుల దగ్గర ఆ కట్టడి లేకపోతే సగం ఇళ్లు మునిగిపోయేవని పెద్దలంటారు, నిజమే కావచ్చు. మా సంఘ పెద్ద మా నాన్న గాబ్రియేలు. పోయిన వేసవిలో ఆయన నన్ను దాటి పక్కామెకు పళ్లెం చాపాడు.

నేను జన్మలో చుక్క ముట్టలేదు. అదంతా నా ముఖం తెచ్చిన తంటా. గని క్యాంటీన్‌లో పూరీలు వేయిస్తాను కనుక, బుగ్గలూ ముక్కూ ఎర్రబడితే సెగ తగిలిందనుకున్నాను. ఎరుపు పోలేదు సరికదా, దాని మీద పొక్కులు లేచాయి. చందనం రాశాను, కలబంద రాశాను, వరోరా వెళ్లి హోమియో గుళికలు తెచ్చుకుని మింగాను. మందుల దుకాణంలో ఇచ్చిన ట్యూబుతో కొన్నాళ్లు పెళ్లికూతురిలా మెరిసిపోయాను. ఆపగానే ముఖమంతా నిప్పంటుకున్నట్టయింది. ఆ ట్యూబు అంటగట్టినవాణ్ణి మే నెలంతా మా క్యాంటీన్ పొయ్యి ముందు నిలబెట్టాలి.

నాన్నను తిట్టడానికి మాత్రం నోరు రాదు. మా అన్న జెరెమీ తాగి తాగి చచ్చిపోయాడు. చివరి రోజుల్లో వాడి ముఖమూ ఇలాగే ఎర్రగా ఉబ్బి ఉండేది. తాగలేదని వాడు బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పిన ప్రతిసారీ నాన్న నమ్మాడు.

"నేను తాగుతలేను బాపూ," అన్నాను ఆ ఆదివారం ఇంటికొచ్చాక.

"వాడు గూడ గిట్లనే అన్నడు బిడ్డా," అన్నాడు నా వైపు చూడకుండా.

నాకు ద్రాక్షరసం మీద ఆశ లేదు. నాన్న నన్ను నమ్మాలి, అంతే. చెవులారా వింటాడని చంద్రపూర్‌లో చర్మ డాక్టరు దగ్గరికి ఆయన్నీ వెంటబెట్టుకుని వెళ్లాను. దీన్ని రోజేషియా అంటారనీ, పూర్తిగా పోదనీ, అదుపులో పెట్టుకోవచ్చనీ డాక్టరమ్మ మరాఠీలో నిదానంగా చెప్పింది. ఆ ట్యూబు ఇంకెప్పుడూ రాయొద్దంది. పూతమందు, మాత్రలు రాసింది. ఎండ, పొయ్యి సెగ, మిరపకారం, వేడి టీ, దారూ తాగుడు, వీటన్నిటితో ఎక్కువవుతుంది, దూరంగా ఉండాలి అంది. ఈ జబ్బున్న ఎవరికైనా చెప్పే మాటే అది. దారూ అన్న మాట దగ్గర నాన్న తల వంచుకున్నాడు.

"తాగనివాళ్లకు కూడా వస్తుంది కదా డాక్టర్?" అని అడిగాను.

"ఎందుకు రాదు, చాలామందికి వస్తుంది," అంది. నాన్న అప్పటికే లేచి బయటికి వెళ్లిపోయాడు.

"డాక్టరమ్మ గూడ దారూ బంద్ చెయ్యమన్నది గద," అన్నాడు బస్సులో. "సిగ్గుపడకు బిడ్డా. నేను ప్రార్థన చేస్త."

"అది అందరికి చెప్పేదే బాపూ."

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బస్సు దిగేదాకా వదల్లేదు. ఇంకేం వాదిస్తాను?

క్యాంటీన్‌లో బతిమాలి పొయ్యి దగ్గర నుంచి కూరగాయలు కోసే పనికి మారాను. టీ మానేశాను, కారం మానేశాను. మందు పనిచేసింది. చలికాలానికి ఎరుపు చాలావరకు తగ్గింది. అద్దం ముందు సంతోషంతో ఏడుపొచ్చింది. ఏడిస్తే మళ్లీ ఎర్రబడుతుందని గబగబా ఆపుకున్నాను.

డిసెంబరులో ప్రభు బల్ల నాడు నాన్న పళ్లెంతో వచ్చి నా ముందు ఆగాడు. నమ్మాడనుకున్నాను. ఆయన సంఘం వైపు తిరిగాడు.

"కొడుకును పోగొట్టుకున్న. బిడ్డనన్న దేవుడు నాకు తిరిగిచ్చిండు. నా కెజియా తాగుడు ఇడిసిపెట్టింది. మొహం చూడుండ్రి, ఎంత తెల్లగయిందో."

అందరూ దేవునికి స్తోత్రం అన్నారు. నాన్న చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. అన్న పోయాక ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ ముఖం చూసి మూసుకున్నాను.

కప్పు తీసుకున్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు.

"మళ్ల ముట్టకు బిడ్డా."

"ఇంక ముట్టను బాపూ," అన్నాను.