ఒక మూల పొట్టిదైన సంచి

పొద్దున్న ఏడున్నర అయ్యేసరికి గున్‌వోర్ మిషన్ ముందు ఉంటుంది. బోరోస్ ఊళ్లో బట్టల మిల్లులు ఎన్ని మూతపడ్డా, ఆవిడ వంటింటి కిటికీ దగ్గరి ఓవర్‌లాక్ మిషన్ మాత్రం ఏ రోజూ ఆగలేదు. నాలుగు దారాలు, రెండు సూదులు, పక్కనే చిన్న కత్తి. ఒక పక్క కుట్టుకుంటూనే ఇంకో పక్క అంచు కోసేస్తుంది, అదీ దాని పనితనం!

ఆవిడ కుట్టేవి గుడ్డ సంచులు. సంచికి పక్కలూ అడుగూ కుట్టేశాక, తిరగేసి ఉన్న మూలని పట్టుకుని, పక్క కుట్టు సరిగ్గా అడుగు కుట్టు మీద కూర్చునేలా మడుస్తుంది. మూల ముక్కోణంలా ముందుకొస్తుంది. పది సెంటీమీటర్ల వెడల్పున్న చోట సుద్దగీత గీసి, గీత వెంబడే మిషన్లోకి తోస్తుంది. ముక్కోణం తెగి కిందున్న డబ్బాలో పడుతుంది. రెండో మూలకీ అంతే. ఇప్పుడు సంచిని మంచి వైపుకి తిప్పితే చదునైన అడుగు వచ్చి, బల్ల మీద బుద్ధిగా నిలబడుతుంది.

నిలబడటమే కాదు, నడుస్తుంది కూడా. చేతిలో ఉన్నంతసేపూ మామూలు సంచే. నేల మీద పెట్టి వదిలేస్తే మాత్రం, ఆ రెండు మూలల మీదా అడుగులేసుకుంటూ తిన్నగా కొన్నవాళ్ల ఇంటికి వెళ్లిపోతుంది. ఊళ్లో ఎవరికీ ఇది వింత కాదు. రోడ్డు దాటుతుంటే బస్సులు ఆగుతాయి. వానాకాలంలో అడుగు మురికవుతుందని కొందరు ముదురు రంగు గుడ్డ అడుగుతారు, అంతే.

ఆవిడ దిగులంతా వాళ్లన్నయ్య ఎవెర్ట్ గురించే. ముప్ఫై నాలుగేళ్లు ఇదే ఊళ్లో బస్సు నడిపినవాడు, డెబ్భై తొమ్మిదో ఏట రొట్టెల కొట్టు నుంచి ఇంటికి దారి మరిచిపోయాడు. మొదటిసారి పోలీసు కారులో దిగాడు. ఇంట్లో కూర్చోమంటే రెండు రోజులకే మొహం వాడిపోయింది. అందుకని గున్‌వోర్ ఒక సంచి కుట్టిచ్చి, రొట్టె కొన్నాక దీన్ని కింద పెట్టి దీని వెనకాలే వచ్చెయ్యమంది. సంచి ఇరవై నిమిషాల్లో ఇంటికొచ్చింది, రొట్టె ఇంకా వెచ్చగానే ఉంది. ఎవెర్ట్ మాత్రం సాయంత్రానికి మళ్లీ పోలీసు కారులోనే వచ్చాడు.

"నా మోకాలి సంగతి దానికేం తెలుసే? బస్సు పోయాక స్టాపుకొచ్చినవాడిలా అయ్యింది నా పని," అన్నాడు. బూట్లు విప్పి గోడవారగా పెట్టాడు. "ఇంకోసారి ఆ కారులో దిగానంటే నేనే పెట్టె సర్దుకుని వృద్ధాశ్రమానికి పోతా. నువ్వు ఏడవకూడదు."

"నేనెందుకేడుస్తా అన్నయ్యా? నీ గదిలో గుడ్డ తానులు పెట్టుకుంటా," అంది గున్‌వోర్. అని, మిషన్ వైపు తిరిగి, ఎక్కించి ఉన్న దారాల్నే మళ్లీ ఎక్కిస్తూ చాలాసేపు కూర్చుంది.

శనివారం పొద్దున్న మందపాటి చారల గుడ్డ తీసి ఇంకో సంచి మొదలుపెట్టింది. గుడ్డ బరువైతే నడక తగ్గుతుందేమోనని ఆశ. ఈలోపు ఎవెర్ట్ గుమ్మంలో బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాడు. తొందరలో గున్‌వోర్ చేయి తప్పింది. మూల మడిచేటప్పుడు ఒక కుట్టు అంచు ఇటూ, ఇంకో కుట్టు అంచు అటూ పడుకోవాలి, అప్పుడే ఎత్తు సమంగా ఉంటుంది. ఆవిడ రెండూ ఒకే వైపు పడుకోబెట్టేసింది. అక్కడ ఉబ్బెత్తుగా లేచి, గుడ్డని అదిమిపట్టే మిషన్ పాదం దాని మీదకెక్కి, గుడ్డ పక్కకి జారింది. కత్తి రెండు వేళ్ల మేర ఎక్కువ కోసేసింది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, తెగిన గుడ్డని ఎక్కణ్ణుంచి తెస్తాం?

బల్ల మీద పెడితే సంచి ఒక వైపుకి ఒరిగింది.

"ఇది వద్దు, కుంటుతుంది. గంటలో ఇంకోటి కుట్టిస్తా, ఆగు," అంది.

"నేను మాత్రం పరిగెడుతున్నానా?" అని ఎవెర్ట్ దాన్ని చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇరవై నిమిషాలయింది. సంచి రాలేదు. గంటయింది. ఆవిడ కాఫీ పెట్టి, తాగడం మరిచిపోయింది. వీధిలో కారు తలుపు చప్పుడైతే కిటికీలోంచి తొంగిచూసింది. పక్కింటివాళ్లు, దుంపల బస్తా దించుకుంటున్నారు. గంటన్నరయింది.

అప్పుడు వాలు రోడ్డు మీద చారల సంచి కనిపించింది. ఒక మూల పొడుగు, ఒక మూల పొట్టి. పదడుగులేస్తుంది, ఒరుగుతుంది, నిలదొక్కుకోవడానికి ఆగుతుంది. అది ఆగిన ప్రతిసారీ వెనకాల ఎవెర్ట్ వచ్చి కలుసుకుంటున్నాడు.

"నిదానం, నిదానం. ముందు మెట్టుంది చూసుకో," అని దానికి చెప్తున్నాడు.

ఇద్దరూ గుమ్మం ఎక్కారు. ఎవెర్ట్ కుర్చీలో కూలబడి, దీనికి మర్యాద తెలుసన్నాడు, బెంచీ కనిపించిన చోటల్లా ఆగిందన్నాడు. గున్‌వోర్ కళ్లు తుడుచుకుని, రొట్టె కోద్దామని సంచిలో చెయ్యి పెట్టింది. లోపల ఏమీ లేదు.

"రొట్టేది అన్నయ్యా?"

ఎవెర్ట్ సంచి వైపు చూశాడు.

"మరిచిపోయాం. రేపు తెస్తాం," అన్నాడు.