నూరు పిక్కల పరీక్ష

పలాస చుట్టుపక్కల జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కోసే ఆడవాళ్ళు ఎంతమందైనా ఉండొచ్చు గాని, దాలమ్మ లాంటి చెయ్యి మాత్రం ఒక్కటే. ఊరికే పొగడటం కాదు, ఫ్యాక్టరీ ఓనరు ధనరాజు కొత్తగా చేరినవాళ్ళకి చెప్పే మాటే ఇది. ఉడకబెట్టిన జీడిపిక్కని రెండు కత్తుల మధ్య పెట్టాలి, కాలితో పెడలు తొక్కాలి, చేత్తో లీవరు నొక్కాలి. పెంకు విడిపోవాలి, లోపలి పప్పుకి గాటు పడకూడదు. పప్పు నిండుగా వస్తే గుండు, చీలితే బద్ద. గుండుకే గిరాకీ. నూరు పిక్కలకి తొంభై ఆరు గుండ్లు తీసేది దాలమ్మ. పాతికేళ్ళుగా జీడి చమురు తిని తిని ఆ వేళ్ళు ఎలా అయిపోయాయంటే, రేషను డిపోలో వేలిముద్ర పడదు. అయినా ఆ చేతులంటే ఆమెకి గర్వమే. ఎందుకుండదూ?

మొగుడు పోయిన పద్దెనిమిదేళ్ళూ ఆ చేతులతోనే కూతురు సుహాసినిని చదివించింది. ఆ పిల్ల ఇప్పుడు విజయనగరంలో ఒక ఇంజినీరింగు కాలేజీలో పీహెచ్‌డీ చేస్తోంది. పరిశోధన కూడా జీడిపిక్క మీదే. పిక్క కోసే పద్ధతులు మూడింటిని పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఒకటి తల్లి తొక్కే కాలి మిషను. రెండోది బజార్లో దొరికే మోటారు మిషను. మూడోది సుహాసిని సొంతంగా తయారుచేసింది. అందులో పిక్క సైజుని బట్టి కత్తి తనంతట తనే దగ్గరికీ దూరానికీ జరుగుతుంది.

"నీ సెయ్యి సేసే పనే దీనికి నేర్పుతన్నానమ్మా" అనేది సుహాసిని. దాలమ్మ మురిసిపోయేది, పిచ్చి తల్లి.

అలా ఆరేళ్ళు గడిచాయి. ఒక శనివారం సుహాసిని ఇంటికొచ్చి, అన్నం కంచం ముందు పెట్టుకుని కెలుకుతూ కూర్చుంది.

"ఏటైనాదే?" అంది దాలమ్మ.

"మా గైడు గణపతిరావు సారు తేల్సి సెప్పేసినారమ్మా. నా మిషను నూటికి ఎనభై ఆరు గుండ్లు తీస్తన్నాది. మోటారు మిషను డెబ్బై దాటదు. దాన్ని గెల్సేను గాని, సేతి పని కన్నా తక్కువొస్తే దాన్నెవులు పరిశోధనంటారు? పేపరు అచ్చవదు. పేపరు నేకపోతే డాక్టరేటు రాదు. గడువు మరింక పొడిగించరట."

"సేతి పనంటే ఎవులి సెయ్యి?"

"ఫ్యాక్టరీలో అందరికన్నా బాగా కోసే మనిషిని కూకోబెట్టమన్నారు." సుహాసిని కంచంలోకి చూస్తూనే అంది. "నువ్వే."

దాలమ్మ తన చేతుల వంక చూసుకుంది. కూతురి దారికి అడ్డం పడింది ఏ పగవాళ్ళో అయితే నాలుగు తిట్టి ఊరుకునేది. తన చేతినే ఏమని తిడుతుంది?

సోమవారం పొద్దున్నే గణపతిరావు సారు కారు దిగాడు. సుహాసిని నూరు పిక్కలు లెక్కపెట్టి తల్లి బల్ల మీద పోసి, ఫోనులో గడియారం నొక్కింది. దాలమ్మ చెడగొడదామనే కూర్చుంది గాని చెయ్యి వింటేనా! మొదటి పదీ గుండ్లే వచ్చాయి. బాగా చెయ్యడం అలవాటైన చేతికి చెడగొట్టడం కూడా నేర్పాలి కాబోలు. ఇలా కాదనుకుని లీవరుని వెంట్రుకవాసి ఎక్కువ నొక్కింది. కటుక్కుమంది. పప్పు రెండు బద్దలై పళ్ళెంలో పడింది. ఆ చప్పుడుకి పక్క బల్ల దగ్గరున్న లక్ష్మణమ్మ తలెత్తి చూసింది.

చివరికి తేలింది డెబ్బై తొమ్మిది. సుహాసిని పుస్తకంలో రాసుకుంది. సారు చేత సంతకం పెట్టించుకుని ఆయన కార్లోనే వెళ్ళిపోయింది.

"ఒలే దాలీ, నీ సేతిలో బద్దలేటే?" అంది లక్ష్మణమ్మ. పాతికేళ్ళుగా పక్క బల్ల మీద పని చేస్తున్న మనిషి.

"కళ్ళు మసకేస్తన్నాయప్పా" అంది దాలమ్మ, నోటికొచ్చిన అబద్ధం.

లక్ష్మణమ్మ నమ్మేసింది. నమ్మి ఊరుకుంటే ఎంత బాగుండును! ఆదివారం వచ్చేసరికి దాలమ్మని బస్సెక్కించి అరసవల్లి లాక్కుపోయింది. కళ్ళిచ్చే దేవుడాయె, సూర్యనారాయణస్వామి. దాలమ్మ కళ్ళు బాగుపడితే చాలని తను ఏడు ఆదివారాలు ఉప్పులేని కూడు తింది. వద్దప్పా అంటే, "నోర్ముయ్యే, నీకు కళ్ళు పోతే నాను ఎవులి పక్కన కూకోవాల?" అని కసిరింది. ఆ ఏడు ఆదివారాలూ దాలమ్మకి ముద్ద గొంతు దిగలేదు.

పేపరు ఏదో విదేశీ పత్రికలో అచ్చయింది. ఇక్కడి దినపత్రిక జిల్లా పేజీలో సుహాసిని ఫోటో పడింది, 'జీడి కార్మికురాలి బిడ్డ ఘనత' అని. దాలమ్మ ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని రెండ్రోజులు తిరిగింది. అదే కాగితం ధనరాజూ చదివాడు. మూడోనాడు నలభైమంది ఆడవాళ్ళనీ షెడ్డులో నిలబెట్టి, సుహాసిని మిషన్లు నాలుగు చేయిస్తున్నాననీ, దసరా దాటాక పప్పు ఏరడానికి పదిమంది చాలనీ చెప్పేశాడు.

గోలెత్తిపోయింది. "నా మీద పడతారేటమ్మా? లెక్క నాను కట్టినానా?" అన్నాడు ధనరాజు. "దాలమ్మ కూతురే కట్టినాది. మంచి సేతికి డెబ్బై తొమ్మిది, మిషనుకి ఎనభై ఆరు."

ఇంకేముంది, అందరి కళ్ళూ దాలమ్మ మీదే. ఒకామె కాండ్రించి ఉమ్మింది. "కూతురు డాక్టరవుతాది, మన నోట్లో మన్ను పడతాది" అంది ఇంకొకామె. లక్ష్మణమ్మే అడ్డం నిలబడింది.

"ఆ రోజు దానికి కళ్ళు ఆనలేదు బాబూ! ఇప్పుడు దేవుడు సల్లగా సూసినాడు. మళ్ళీ కొయ్యించండి. తొంభై దాటకపోతే నా తల తీసీండి."

ధనరాజు చెడ్డవాడేం కాదు, వ్యాపారస్తుడు. గుండు ఎక్కడ ఎక్కువొస్తే అతనికి అక్కడే పని. "సరే, బుధవారం. తొంభై దాటితే ఆర్డరు ఆపేస్తాను. ఆ పిల్లనే వచ్చి లెక్కపెట్టమను" అన్నాడు.

బుధవారానికి నాలుగు రోజులుంది. సుహాసిని డాక్టరేటు చివరి పరీక్షకి పది రోజులుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారే, అదీ దాలమ్మ పరిస్థితి. నిజంగా కోస్తే కూతురి పుస్తకం అబద్ధమైపోతుంది. మళ్ళీ చెడగొడితే ముప్పై ఇళ్ళలో పొయ్యి ఆరిపోతుంది. నాలుగు రోజులూ పిచ్చిదానిలా తిరిగింది. మంగళవారం సాయంత్రం దండెం మీద బట్టలు తీస్తూ తీస్తూ తేల్చుకుంది. నిజంగానే కొయ్యాలి. సుహాసిని చదువుకున్న పిల్ల, ఇంకో దారి దొరుకుతుంది. అయినా ఆ పిల్లకి ఇదంతా ఏం తెలుసు? తెలిస్తే తనే సారు దగ్గరికెళ్ళి లెక్క దిద్దుకుంటుంది. అబద్ధపు డాక్టరేటు నా కూతురు ముట్టదు గాక ముట్టదు. అలా అనుకున్నాక దాలమ్మకి ఆకలేసింది. చాన్నాళ్ళకి కడుపునిండా తింది.

బుధవారం షెడ్డంతా బల్ల చుట్టూ మూగింది. విజయనగరం నుంచి వచ్చిన సుహాసిని నూరు పిక్కలు లెక్కపెట్టి పోసింది. దాలమ్మ చమురు అంటకుండా చేతులకి బూడిద రాసుకుని కూర్చుంది. కాలూ చెయ్యీ వాటంతట అవే కదిలాయి. పది గుండ్లు. ఇరవై. లక్ష్మణమ్మ పైకి లెక్కపెడుతుంటే మిగతావాళ్ళూ గొంతు కలిపారు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. ఒక్క బద్ద లేదు. ఎన్నాళ్ళకి తన చెయ్యి తనకి దొరికిందో, దాలమ్మకి కళ్ళు చెమ్మగిల్లాయి.

సుహాసిని కత్తికి అంటిన చమురు తుడుస్తానని ముందుకొచ్చింది. గుడ్డతో తుడుస్తూ తల్లి చెవి దగ్గరికి వంగింది.

"అమ్మా, ఆ రోజునాగే కొయ్యి."

దాలమ్మ కాలు పెడలు మీదే ఆగిపోయింది. ఆ రోజులాగే అట! అంటే తెలుసు. ఆ రోజే తెలుసు. పుట్టిన దగ్గర్నుంచీ ఈ చేతుల్ని చూసిన పిల్లకి తెలియకేం! తెలిసే రాసుకుంది, తెలిసే సంతకం పెట్టించుకుంది. అసలా శనివారం ఇంటికొచ్చి ఆ మాట తన చెవిన వేసింది కూడా... అక్కడితో ఆలోచన ఆపేసింది దాలమ్మ. ఇంకొక్క అడుగు ముందుకేస్తే బతకలేదు.

తలెత్తి కూతుర్ని చూసింది. పెదాలు ఎండిపోయి, తుడిచిన కత్తినే మళ్ళీ తుడుస్తోంది. చిన్నప్పుడు జ్వరమొస్తే అచ్చం ఇలాగే ఉండేది మొహం.

"ఆగిపోనావేటే? కొయ్యి!" అంది లక్ష్మణమ్మ ఉత్సాహంగా.

దాలమ్మ లీవరు నొక్కింది. కటుక్కుమంది. మళ్ళీ ఒకటి. ముప్పై ఐదు దగ్గర ఆడవాళ్ళ లెక్క తడబడింది, నలభై దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత షెడ్డులో మిషను చప్పుడొక్కటే మిగిలింది.

"డెబ్బై ఏడు" అంది సుహాసిని. పుస్తకంలో రాసి, ధనరాజు చేత సంతకం పెట్టించుకుంది.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండును. ఒక్కొక్కరే క్యారేజీలు తీసుకుని బయటికి నడిచారు. లక్ష్మణమ్మ మాత్రం దగ్గరికొచ్చి దాలమ్మ మోచెయ్యి పట్టుకుని లేవదీసింది. ఆమె గొంతులో కోపం లేదు, అదే ఘోరం.

"ఏడవకే దాలీ. ఏడిస్తే కళ్ళకి మరీ సేటు. నాను ఇంటికాడ దిగబెడతాను, రా."

సుహాసిని పుస్తకం సంచిలో సర్దుకుంటోంది, ఇటు తిరగలేదు. లక్ష్మణమ్మ దాలమ్మని గుమ్మం దాకా నడిపించుకెళ్ళింది.

"మెట్టున్నాది, సూసుకో."

మెట్టు దాలమ్మకి శుభ్రంగా కనబడుతోంది. కాలు ముందుకు జాపి, తడుముకుంటూ దిగింది.