మత్తులో పెట్టించిన సంతకం

ఈశ్వరమ్మకు బొడ్డు దగ్గర హెర్నియా ఆపరేషన్ చేసి, సాయంత్రం నాలుగింటికల్లా ఇంటికి పంపించారు. "పూర్తి మత్తు ఇచ్చినం. రేపటిదాక ఒక్కదాన్నే వదలకు. పొయ్యి ముట్టనియ్యకు, ఏ కాగితం మీద సంతకం పెట్టనియ్యకు" అని నర్సు ఆమె కూతురు రజితకు రెండుసార్లు చెప్పింది. అవే మాటలు రాసిన చీటీ కూడా ఇచ్చింది.

నల్లగండ్లలోని కిరాయి గదిలో తల్లిని పడుకోబెట్టి, రజిత మందుల కోసం వీధి చివరికి వెళ్లింది. ఆ పావుగంటలోనే ఓబులేసు వచ్చాడు. ఈశ్వరమ్మ పదకొండేళ్లుగా నేల తుడుస్తున్న ఐటీ ఆఫీసులో అతను హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్.

"సెలవు కాగితం అక్కా. ఒక్క సంతకం పెట్టు."

ఆమెకు అతని ముఖం రెండుగా కనిపించింది. పెన్ను వేళ్లలో నిలవలేదు. అతనే చెయ్యి పట్టి పెట్టించుకుని వెళ్లిపోయాడు.

చీకటి పడ్డాక, తోటి పనామె ప్రవీణ ఫోన్ చేసింది. "ఏంది అక్కా, పని ఇడిసిపెట్టినవంట? నీ జాగల ఓబులేసు మరదలు వస్తదట!"

రజిత ఏడుపు అందుకుంది. "నేను మందులకు పోకపోతే ఇట్ల అయ్యేది కాదు."

"నువ్వెందుకు ఏడుస్తవ్? వాడు ఏడ్వాలె" అంది ఈశ్వరమ్మ. మత్తు మొత్తం దిగిపోయినట్టయింది ఆమెకు.

పొద్దున్నే నడుముకు తువ్వాలు బిగించి ఆటో ఎక్కింది.

"కుట్లు ఊడుతయ్ అమ్మా!"

"ఊడనీ."

ఆఫీసు లాబీలో ఓబులేసు ఎదురుగా పరుగెత్తుకొచ్చాడు. "ఇక్కడొద్దక్కా, లోపల మాట్లాడుకుందాం."

"లోపలెందుకు? సోయి లేకుండ పడుకున్న ఆడదాని చెయ్యి పట్టి సంతకం పెట్టించుకున్నవ్. అందరు ఇనాలె!"

లిఫ్టు కోసం నిలబడ్డవాళ్లంతా వెనక్కి తిరిగారు. గొడవ విని బిల్డింగ్ మేనేజర్ పుణ్యవతి దిగివచ్చింది. రజిత ఆస్పత్రి చీటీ ఆమె చేతిలో పెట్టింది. పుణ్యవతి రాజీనామా కాగితం తెప్పించి, రెండింటి మీదా ఒకే తేదీ ఉండడం చూసింది.

"ఇదేంటండీ ఓబులేసు గారూ?"

"ఆమె ఇష్టపడే..."

"ఆపండి." ఆ కాగితం చెల్లదని అక్కడే రాసి సంతకం చేసింది. అతన్ని ఆ రోజే ఆ బిల్డింగు నుంచి పంపించేసింది. "కుట్లు మానాక రండమ్మా. మీ పని మీదే."

ఓబులేసు పోతూ పోతూ, "తప్పయిందక్కా" అన్నాడు.

"అక్క అనకు."

తిరుగు ఆటోలో పొట్ట మండిపోతోంది. రజిత ఒడిలో తల పెట్టినా ఈశ్వరమ్మ పళ్లు బిగిసే ఉన్నాయి.

"ఇంక నాలుగు మాటలు అనాల్సుండె" అంది.